ప్లాంటు గేటు దాకా పీహెచ్‌డీ
(డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారకోపన్యాస పాఠం)



నాయుడమ్మ గారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఏ విషయం ఎంచుకోవాలన్న సందేహం నాకు కలగలేదు. ఇంజనీరింగులో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు పరిశ్రమలోకి వెళ్ళడానికి ఎలా తయారవుతున్నారు, ఎలా తయారైతే బాగుంటుంది అన్నదే ఆయన జీవితానికి అతి దగ్గరి విషయం. ఆయన 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, తోళ్ళ సాంకేతికతను ఎంచుకుని, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. తోలు పేరెత్తితే ముక్కు మూసుకుని, ఆ పనిచేసే వాళ్ళను ఊరి బయట ఉంచిన సమాజం మనది. అలాంటి చోట పుట్టి, అంత చదువూ చదివి, తిరిగొచ్చి తోళ్ళ గుంతల దగ్గర నిలబడటం మామూలు నిర్ణయం కాదు.

మద్రాసు అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు ఆయన 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో తోలు ఊనే పని చాలావరకు తరతరాల చేతివాటం. పచ్చి తోలును నానబెట్టడం, సున్నపు గుంతలో వేసి వెంట్రుక ఊడేలా చేయడం, తంగేడు చెక్క కషాయంలోనో దిగుమతైన వాటిల్ చెక్క కషాయంలోనో ఊరబెట్టడం. ఏ దశలో ఎంతసేపు ఉంచాలో మేస్త్రి వేలితో నొక్కి చెప్పేవాడు. మేస్త్రి వేలికి తెలిసినదాన్ని పీహెచ్, ఉష్ణోగ్రత, గాఢత అనే కొలతల్లోకి తేవాలి. తెచ్చాక మళ్ళీ మేస్త్రికి పనికొచ్చే రూపంలో తిరిగి ఇవ్వాలి. ఈ రెండో పని చేసినవాళ్ళు మన దేశంలో తక్కువ. నాయుడమ్మ గారి సంస్థ చేసింది. అక్కడ పరిశోధకుడు, విశ్వవిద్యాలయంలో తోళ్ళ సాంకేతికత చదివే విద్యార్థి, టానరీ యజమాని ఒకే ప్రాంగణంలో కలుసుకునేవారు. చదువుకునే కుర్రాడికి తన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో, జవాబు ఎవరికి చేరాలో రెండూ కళ్ళెదుటే ఉండేవి.

తరవాత 1971 నుంచి 1977 దాకా ఆయన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు ఇదే పద్ధతిని ఒక జిల్లాకంతటికీ వర్తింపజేసే ప్రయత్నం జరిగింది. కరీంనగర్ జిల్లా ప్రాజెక్టు అదే. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరం దగ్గర ఆకాశంలో పేలిపోయిన ఎయిరిండియా కనిష్క విమానంలో పోయిన 329 మందిలో ఆయన ఒకరు. అప్పటికి ఆయన వయసు 62. ఇంకా చేయాల్సిన పని చాలా ఉన్న వయసు.

ఇక మన సంగతికి వస్తాను. నేను రసాయన పరిశ్రమలో, ప్రక్రియాభివృద్ధి విభాగంలో పనిచేసినవాణ్ణి. ఉదాహరణలు నాకు తెలిసిన ఆ రంగం నుంచే ఎక్కువగా ఇస్తాను. ఉద్యోగానికి వచ్చిన కొత్త డాక్టరేట్లను ఇంటర్వ్యూ చేసే కమిటీల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నాను. వచ్చే పిల్లలు తెలివైనవాళ్ళు, శ్రమజీవులు. తమ థీసిస్ గురించి అడిగితే అరగంట ధారాళంగా చెబుతారు. ‘ఈ చర్యను ఐదు వేల లీటర్ల రియాక్టర్లో చేయాలంటే ముందుగా ఏం కొలుస్తావు?’ అని అడిగితే ఆగిపోతారు. ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టడానికి నాకెప్పుడూ మనసొప్పలేదు. ఐదేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్న ఎందుకంత పెద్దదో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా ఉపన్యాసమంతా దాని మీదే నిలబడింది. ప్రయోగశాలలో 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కు. ప్లాంటులో 5,000 లీటర్ల రియాక్టరు. ఘనపరిమాణం 20,000 రెట్లు పెరిగింది. ఆకారం అదే అనుకుంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి సుమారు 27 రెట్లు పెరుగుతాయి. అంటే లీటరు ద్రవానికి దక్కే గోడ వైశాల్యం 27వ వంతుకు పడిపోతుంది. వేడి బయటికి పోయేది ఆ గోడ గుండానే. ఫ్లాస్కును మంచు తొట్టిలో పెడితే నిమిషంలో చల్లబడిన చర్య, రియాక్టర్లో చల్లబడకుండా తన వేడితో తానే వేగం పెంచుకుంటుంది. ప్రయోగశాలలో ‘చుక్కచుక్కగా కలిపాను’ అని ఒక్క వాక్యంలో రాసిన పని ప్లాంటులో ఎనిమిది గంటల షిఫ్టు కావచ్చు. ఆ ఎనిమిది గంటలు మధ్యంతర పదార్థం విడిపోకుండా నిలబడుతుందా అన్నది మరో ప్రశ్న. కలియబెట్టే రెక్క రియాక్టరు మూలలకు అందుతుందా అన్నది ఇంకొకటి. థీసిస్‌లో ఏ పదార్థాన్నైనా కాలమ్ క్రొమటోగ్రఫీతో శుద్ధి చేసి 92 శాతం దిగుబడి అని రాసుకోవచ్చు. టన్నుల లెక్కన తయారయ్యేదాన్ని సిలికా కాలమ్‌లో పోయడం సాధారణంగా గిట్టుబాటు కాదు. స్ఫటికీకరణ వెతకాలి. సోడియం హైడ్రైడును డైమిథైల్ ఫార్మమైడులో వాడటం పరిశోధనశాలల్లో నిత్యకృత్యం. ఆ రెండూ కలిసి వేడెక్కితే అదుపు తప్పి విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉందని ప్లాంటు మనిషికి తెలుసు. గ్రాముల్లో వాడే విద్యార్థికి తెలియాల్సిన అవసరం ఎదురుకాదు.

ఇది కేవలం లాభనష్టాల లెక్క కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నిల్వ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. కనీసం 12 మంది చనిపోయారు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతుందని, మారేటప్పుడు వేడి పుడుతుందని, దాన్ని ఆపడానికి నిరోధకం కలపాలని పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగు భాగంలో. పై పొరలు వేడెక్కిపోతున్నా ఆ కొలతలో కనబడదు. పెద్ద ట్యాంకులో వేడి పొరలు పొరలుగా నిలుస్తుందన్నది ఉష్ణ ప్రసరణలో పీహెచ్‌డీ చేసే విద్యార్థి ఒక మధ్యాహ్నంలో లెక్కగట్టి చూపించగలిగిన విషయం. ఆ లెక్క తెలిసినవాడు ఒక ప్రాంగణంలో ఉంటాడు, ట్యాంకు ఇంకో ప్రాంగణంలో ఉంటుంది. ఈ రెండు చోట్ల మధ్య దారి వేయడమే డాక్టరేటు విద్యార్థిని పరిశ్రమకు సిద్ధం చేయడం అని నేను అంటున్నాను.

ఇప్పుడు చాలా విద్యాసంస్థల్లో ఈ తయారీ అంటే చివరి సంవత్సరంలో రెండు రోజుల వర్క్‌షాపు. రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, బృందంలో ఎలా మెలగాలి. చెడ్డ పని కాదు. అసలు లోటు మాత్రం అక్కడ లేదు. నాలుగేళ్ళు ఒక ప్రశ్నతో బతికిన మనిషి ఆలోచించే తీరు ఆ ప్రశ్నను బట్టే రూపుదిద్దుకుంటుంది. ప్రశ్న ఇంకొకరి పేపర్లోని చివరి పేరాలోంచి పుడితే, జవాబు కూడా మరో పేపర్లోకే వెళుతుంది. బ్యాటరీల మీద పనిచేసే విద్యార్థి బొత్తామంత కాయిన్ సెల్‌లో పలచటి పూత వేసి గ్రాముకు ఇన్ని మిల్లీఆంపియర్ గంటలు అని రాస్తాడు. బ్యాటరీ కంపెనీకి కావలసింది మందపాటి పూతలో వెయ్యి ఛార్జింగుల తరవాత ఎంత మిగిలింది, పూత పగలకుండా ఆరిందా అన్నది. ఆ ప్రశ్నల్లో శాస్త్రం తక్కువేమీ లేదు. పూత ఆరేటప్పుడు ఎందుకు పగులుతుందన్నది ద్రవయాంత్రిక శాస్త్రంలో లోతైన సమస్య. పరిశ్రమ ప్రశ్న అనగానే తేలిక ప్రశ్న అనుకునే చులకన మన డిపార్ట్‌మెంట్లలో ఉంది. అది పోవాలి.

దీనికి కారణాలు విద్యార్థిలో లేవు, మనం పెట్టిన కొలబద్దల్లో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు విపరీతంగా పెరిగాక పీహెచ్‌డీ అన్నది అధ్యాపకుడి పదోన్నతికి, కాలేజీ గుర్తింపుకి అవసరమైన కాగితంగా మారిపోయింది. ఉద్యోగం చేసుకుంటూ, రోజుకు నాలుగు క్లాసులు చెప్పుకుంటూ, రాత్రిళ్ళు సిమ్యులేషన్ నడుపుకుని థీసిస్ పూర్తిచేసిన ఎందరినో ఎరుగుదును. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయను. కాని వాళ్ళే రేపు గైడ్లు. తామెన్నడూ ప్లాంటులో అడుగుపెట్టని గైడ్ తన విద్యార్థిని ప్లాంటుకు పంపడానికి జంకుతాడు. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్ సమర్పణకు ముందు పేపరు అచ్చు కావాలన్న షరతు తీసేసింది. ఆ మార్పును నేను మనసారా ఆహ్వానించాను. షరతు పోయినా అలవాటు పోలేదు. పేపర్ల లెక్క ఇప్పటికీ ఎంపిక కమిటీల బల్ల మీద ఉంటోంది.

పరిశ్రమ వైపు కూడా తప్పుంది, అదీ చెప్పాలి. 2020–21లో దేశం పరిశోధనకు పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. పరిశోధన మీద అంత తక్కువ ఖర్చు పెట్టే పరిశ్రమకు డాక్టరేట్ల అవసరం పెద్దగా కనబడదు. కనబడని చోట, బీటెక్ చేసి నాలుగేళ్ళ అనుభవమున్నవాడూ ఐదేళ్ళ పరిశోధన చేసినవాడూ ఒకటే అనే జీతాల పట్టిక తయారవుతుంది. తెలివైన కుర్రాడు ఆ పట్టిక చూసే పీహెచ్‌డీకి రాకుండా పోతున్నాడు. అయితే దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. తాడేపల్లి నుంచి వెళ్ళి, పుణే జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసిన కల్లం అంజిరెడ్డి గారు హైదరాబాద్ ఐడీపీఎల్‌లో చేరారు. ప్రభుత్వ రంగ కర్మాగారంలో పెద్ద రియాక్టర్ల దగ్గర నేర్చిన పని తరవాత ఆయన సొంత పరిశ్రమలకు, 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్‌కు పునాది అయింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాల్లో మందుల పరిశ్రమ పెరగడంలో ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన రసాయనవేత్తల, ఇంజనీర్ల పాత్ర పెద్దది. ప్రయోగశాల చదువు, ప్లాంటు అనుభవం ఒకే మనిషిలో కలిస్తే ఒక నగరం ఎలా మారుతుందో చూడటానికి మనం జర్మనీ వెళ్ళనక్కర్లేదు.

జర్మనీ మాట వచ్చింది కనుక చెబుతాను. 1899లో ప్రష్యా సాంకేతిక విద్యాలయాలకు ఇంజనీరింగులో డాక్టరేటు ఇచ్చే హక్కు దక్కింది. పాత విశ్వవిద్యాలయాలు గట్టిగా అభ్యంతరపెట్టాయి, ఇంజనీరుకి డాక్టరు బిరుదేమిటని. ఆ దేశంలో ఇంజనీరింగ్ ప్రొఫెసరు కావాలంటే కొన్నేళ్ళు పరిశ్రమలో బాధ్యతగల పని చేసి ఉండాలన్నది బలమైన ఆనవాయితీ. మనం వాళ్ళ నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే: విద్యార్థిని మార్చడానికి ముందు గైడ్‌ను ప్లాంటుకు పంపడం. ఫ్రాన్స్ 1981లో సిఫ్ర్ అనే పథకం పెట్టింది. కంపెనీ విద్యార్థిని మూడేళ్ళ ఒప్పందం మీద ఉద్యోగిగా తీసుకుంటుంది, ప్రభుత్వం కంపెనీకి సాయం చేస్తుంది, థీసిస్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల పర్యవేక్షణలో నడుస్తుంది. మన దేశంలోనూ 2012లో ప్రధానమంత్రి డాక్టరల్ పరిశోధన ఫెలోషిప్ వచ్చింది. ఫెలోషిప్ సగం ప్రభుత్వం, సగం కంపెనీ భరించే ఏర్పాటు. ఆలోచన చక్కనిది. 2018లో నెలకు 70,000 నుంచి 80,000 రూపాయలతో వచ్చిన మరో ఫెలోషిప్ పేరూ దాదాపు ఇదే కావడంతో చాలామంది విద్యార్థులు రెండింటినీ కలగలిపేసి మొదటిదాన్ని మరిచిపోయారు. మద్రాసు ఐఐటీ పక్కన కంపెనీలు ప్రాంగణంతో కలిసి పనిచేసేలా కట్టిన రీసెర్చ్ పార్కు కూడా ఈ దారిలోదే.

పథకాలు ఉన్నా ఆచరణలో ఎక్కడ ఆగుతుందో చెబుతాను. ఎక్కువగా ఒప్పందం దగ్గరే. పేటెంటు ఎవరిది, పేపరు ఎప్పుడు వేసుకోవచ్చు, థీసిస్‌ను ఎంతకాలం బయట పెట్టకుండా ఉంచాలి అన్నది పని మొదలుకాకముందే రాసుకోవాలి. మన పేటెంటు చట్టంలో, పరిమిత మినహాయింపులు తప్ప, ముందే బయటపెట్టిన ఆవిష్కరణకు హక్కు దక్కదు. ఒక సదస్సులో పోస్టరు పెట్టినా కొత్తదనం పోయినట్టే. ఈ సంగతి తెలియని విద్యార్థి ఉత్సాహంతో పోస్టరు పెడతాడు, కంపెనీ వాళ్ళు కోపంతో సంబంధం తెంచుకుంటారు. తెలిసిన విద్యార్థి దరఖాస్తు వేసిన మర్నాడే పేపరు పంపుకుంటాడు. ఇద్దరి మధ్య తేడా ఒక్క వారం చదువు. ఆ వారం చదువును కోర్స్‌వర్క్‌లో ఎందుకు పెట్టలేకపోతున్నాం?

ఇంకా కోర్స్‌వర్క్‌లో ఏముండాలి అని అడిగే అధ్యాపకుల కోసం నా అభిప్రాయం చెబుతాను. రసాయన ఇంజనీరింగ్ స్కాలరు ఒక ప్లాంటు పైపింగు చిత్రాన్ని చదవగలగాలి. కిలో సరుకుకు ఎంత ద్రావకం వాడుతున్నాం, అందులో ఎంత తిరిగి వస్తోంది, మిగిలింది ఏ కాలువలోకి పోతోంది అన్న లెక్క కట్టగలగాలి. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు కలిసిన నక్కవాగు పక్క ఊళ్ళు అనుభవించింది తెలిసినవాళ్ళకు ఈ లెక్క ఎందుకో నేను చెప్పనక్కర్లేదు. తోలు పరిశ్రమలోనూ ఇదే లెక్క. తోలు ఊనే మామూలు క్రోమ్ పద్ధతిలో వేసిన క్రోమియంలో మూడో వంతు దాకా తోలుకు పట్టకుండా నీళ్ళలోకే పోతుంది. పాలారు పరీవాహకంలోని టానరీల కాలుష్యం మీద 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో తీర్పు ఇచ్చిన కాలానికి, క్రోమియంను పట్టి తిరిగి వాడే పద్ధతులు అడయారు సంస్థ చేతిలో ఉన్నాయి. కోర్టు ఉత్తర్వులతో మూతపడిన టానరీలు మళ్ళీ తెరుచుకోవాలంటే ఆ చదువు అవసరమైంది. అదే చదువు పదేళ్ళ ముందు ఊళ్ళకు అంది ఉంటే ఎన్ని బావులు మిగిలేవో అని అనిపిస్తుంది నాకు.

థీసిస్‌లో మరో అధ్యాయం ఉండాలి: పని చేయని దారులు. ఏ ఉత్ప్రేరకం విఫలమైంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర మలినం పెరిగింది. పరిశ్రమకు ఇది బంగారం లాంటి సమాచారం. పేపర్ల అలవాటు వల్ల విద్యార్థి దీన్ని నోట్‌బుక్కులోనే పూడ్చేస్తాడు. తరవాతి బ్యాచి విద్యార్థి అదే గోతిలో మళ్ళీ పడతాడు. ఈ అధ్యాయాన్ని పరీక్షకులు మార్కులు తగ్గించడానికి వాడుకోకూడదన్న హామీ డాక్టరల్ కమిటీ ఇవ్వాలి.

ఆరు నెలలైనా ప్లాంటులో గడపాలంటాను. రెండు రోజుల ఫ్యాక్టరీ సందర్శనతో అయ్యే పని కాదు. రాత్రి షిఫ్టులో ఆపరేటరు పక్కన నిలబడాలి. పాశమైలారంలోనో పరవాడలోనో ఆపరేటరు తెలుగులోనో హిందీలోనో ఒడియాలోనో మాట్లాడతాడు. తన ఉష్ణ సమీకరణాన్ని అతనికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే, రియాక్టరు వేడెక్కినప్పుడు ఆ సమీకరణం ఎవరికీ అక్కరకు రాదు. ఆపరేటరు చెప్పేది వినడం అంతకన్నా ముఖ్యం. ‘ఈ బ్యాచి రంగు తేడాగా ఉంది సార్’ అన్న మాట వెనక కొన్నిసార్లు ఒక థీసిస్‌కు సరిపడా ప్రశ్న ఉంటుంది. అమ్మాయిలను ప్లాంటుకు పంపడానికి గైడ్లు వెనకాడటం నాకు తెలుసు. దానికి జవాబు రవాణా, వసతి, ఫిర్యాదు వినే వ్యవస్థ ముందుగా ఏర్పాటు చేయడం. అమ్మాయికి సిమ్యులేషన్ సమస్య అంటగట్టి సరిపెట్టడం అన్యాయం.

ఇదంతా విని, పరిశ్రమ చేతికి పీహెచ్‌డీని అప్పగించమంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కంపెనీకి ఈ త్రైమాసికంలో తీరాల్సిన సమస్యలుంటాయి. వాటిని తక్కువ ఖర్చులో తీర్చే మనిషిగా స్కాలరును వాడుకున్న సందర్భాలు చూశాను. మలినం ఎందుకొస్తోందో కనిపెట్టమని పంపిన విద్యార్థిని రోజూ నమూనాలు పరీక్షించే పనికి పెట్టారు, ఏడాది పోయింది. అందుకే డాక్టరల్ కమిటీకి ఒక అధికారం ఉండాలి: ప్రశ్న చిన్నదైపోయినా, దారి తప్పినా విద్యార్థిని వెనక్కి పిలిపించగలగాలి. కంపెనీ తరఫు గైడ్ కూడా పరిశోధన తెలిసినవాడై ఉండాలి. ప్రమాదానికి సంబంధించిన ఏ ఫలితాన్నీ రహస్య ఒప్పందం పేరుతో తొక్కిపెట్టకూడదన్న షరతు ఒప్పందంలోనే రాసుకోవాలి. ఈ షరతు మీద నేను రాజీపడను. పరిశ్రమతో ఏ సంబంధమూ లేని మౌలిక ప్రశ్నలు పట్టుకున్న పిల్లలు కూడా ఉండాలి, వాళ్ళను బలవంతంగా ఇటు లాగకూడదు.

దేశంలో ఇప్పుడు డబ్బు మాట కూడా వినబడుతోంది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది. 2025 జులైలో లక్ష కోట్ల రూపాయల పరిశోధన, ఆవిష్కరణ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ డబ్బు ప్రైవేటు రంగ పరిశోధనను పెంచడానికి ఉద్దేశించింది. యంత్రాలు కొనడానికి డబ్బు తేలిగ్గా ఖర్చవుతుంది. గైడ్లను ఏడాది పాటు పరిశ్రమకు పంపడానికి, వాళ్ళ స్థానంలో క్లాసులు చెప్పేవాళ్ళకు జీతమివ్వడానికి, పరిశ్రమలో అనుభవమున్నవాళ్ళను ప్రాంగణానికి తేవడానికి ఖర్చు పెట్టాలంటే ఎవరైనా పట్టుబట్టాలి. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ ఏర్పాటు ప్రకారం మంజూరైన అధ్యాపక పోస్టుల్లో పది శాతం దాకా అలాంటివారిని తీసుకోవచ్చు. ఆ కుర్చీలను ప్రారంభోత్సవ అతిథులతో నింపకుండా, స్కాలర్ల డాక్టరల్ కమిటీల్లో కూర్చుని పని చేసేవాళ్ళతో నింపమని ఇక్కడున్న వైస్‌చాన్సలర్లను కోరుతున్నాను.

మొదటి సంవత్సరం స్కాలర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పరిశోధన ప్రతిపాదన ఇంకా సమర్పించలేదు కదా. సమర్పించేలోగా మీ సమస్యకు సంబంధించిన ప్లాంటుకో, డిజైన్ కేంద్రానికో, నిర్మాణ స్థలానికో వెళ్ళి, అక్కడ రోజూ పనిచేసేవాళ్ళను ‘మీకు అర్థంకాకుండా మిగిలినదేమిటి’ అని అడిగి రండి. అనుమతి లేఖ రాసే బాధ్యత గైడ్లది, తలుపు తీసే బాధ్యత మాది. ఈ సభ అయ్యాక నేనూ, పరిశ్రమ నుంచి వచ్చిన మిత్రులూ బయట ఉంటాం. మీ పేరు, మీ సమస్య ఒక కాగితం మీద రాసివ్వండి. ఎవరి సమస్య ఏ ప్లాంటుకు దగ్గరో చూసి, మీ గైడ్లతో మాట్లాడే పని మొదలుపెడతాం.